పెండ్లికి ముందు పిల్లల మనసులో ఉండే నమ్మకాలు

(మెండోరలో దంపతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పసుపు పని, బీడీల పని ఒక పూట ఆపుకొని వచ్చిన అక్కలకు, పొలం నుంచి నేరుగా వచ్చిన అన్నలకు, గల్ఫు నుంచి సెలవు మీద వచ్చి భార్యతో కలిసి ఇక్కడ కూర్చున్న తమ్ముళ్ళకు ముందుగా నా అభినందనలు. కుటుంబ సంక్షేమం అనగానే నిరోధ్, కాపర్-టి, ఆపరేషన్ గురించి చెబుతారని మీరు అనుకొని ఉంటారు. అవి అవసరమే. వాటి గురించి మన నర్సమ్మ, ఆశ కార్యకర్త మీకు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. ఇవాళ నేను మాట్లాడబోయేది మీ ఇంట్లో పెరుగుతున్న పిల్లల గురించి. పన్నెండేళ్ళ బిడ్డ, పదిహేనేళ్ళ కొడుకు, కాలేజీకి పోతున్న తమ్ముడు, మరదలు - వీళ్ళ గురించి.

"వాళ్ళ గురించి చెప్పేది వాళ్ళకు చెప్పక మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. కారణం ఉంది. పిల్లల తలలో ఉన్న నమ్మకాల్లో సగం మన ఇంటి నుంచే పోయినవి. మిగతా సగం, మనం నోరు మూసుకొని ఉన్నందువల్ల బయటి నుంచి వచ్చి చేరినవి.

నమ్మకం ఏం చేస్తుంది?

1950ల కాలంలో అమెరికాలో ఒక వింత జరిగింది. క్షయ రోగాన్ని ముందే కనిపెట్టడానికి ఎక్స్-రే బండ్లు వాడవాడకూ తిప్పారు. ఎక్కడికో పోనక్కర లేదు, పైసా ఖర్చు లేదు. అయినా ఎంతోమంది రాలేదు. హోఖ్‌బామ్, రోజెన్‌స్టాక్ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనికి కారణం వెదికారు. మనిషి ఒక ఆరోగ్యపు పని చేయడం, చేయకపోవడం అతని మనసులోని నాలుగు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుందని తేల్చారు.

ఒకటి: ఈ ఆపద నాకు వస్తదా?
రెండు: వస్తే ఎంత నష్టం?
మూడు: చెప్పిన జాగ్రత్త పడితే నిజంగా లాభమేనా?
నాలుగు: జాగ్రత్త పడటానికి అడ్డం ఏముంది? ఖర్చా, సిగ్గా, భయమా?

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. పసుపు రైతును అడగండి. పక్క చేనులో దుంపకుళ్ళు తెగులు పడితే "మన చేన్ల రాదులే" అనుకునేవాడు విత్తనాన్ని మందునీళ్ళలో నానబెట్టడు. "వస్తే అంతా పోతది" అని తెలిసినవాడు విత్తే ముందే నానబెడతాడు. ఇద్దరి చేతిలోనూ మందు ఉంది. వాళ్ళ నమ్మకంలోనే తేడా ఉంది.

పదహారేళ్ళ పిల్లల విషయంలో కూడా ఇట్లనే. వాళ్ళు ఏం చేస్తారన్నది వాళ్ళకు తెలిసిన నీతి ఒక్కటే నిర్ణయించదు. "నాకేం కాదు", "ఒక్కసారికి ఏం కాదు", "అడిగితే కొడతరు" అన్న నమ్మకాలు కూడా నిర్ణయిస్తాయి. ఆ నమ్మకాలు ఏమిటో ఒక్కొక్కటి చూద్దాం.

మగపిల్లల భయం

మన దేశంలో చాలా పాత నమ్మకం ఒకటుంది. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క మూలుగ అవుతుందని, నలభై చుక్కల మూలుగ కలిస్తే ఒక చుక్క ధాతువు అవుతుందని. ఈ లెక్క విన్న కుర్రవాడికి ఒక రాత్రి నిద్రలో స్ఖలనం అయితే ఏమనిపిస్తుంది? ఒంట్లో బలమంతా పోయిందనిపిస్తుంది. నీరసం, గుండె దడ, చదువు మీద ధ్యాస లేకపోవడం మొదలవుతాయి. ఈ బాధతో ఆసుపత్రులకు వచ్చే యువకులను చూసి మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ విగ్ 1960లో దీనికి "ధాతు సిండ్రోమ్" అని పేరు పెట్టాడు. రోగం ధాతువు పోవడం వల్ల వచ్చింది కాదు, పోయిందన్న భయం వల్ల వచ్చింది.

ఇది మన ఒక్కరి పొరపాటు కూడా కాదు. స్విట్జర్లాండులో టిస్సో అనే వైద్యుడు 1760లో ఇదే భయాన్ని పుస్తకంగా రాస్తే యూరప్ అంతా వందేళ్ళకు పైగా నమ్మింది. తర్వాత శాస్త్రం ఆ మాటను కొట్టివేసింది.

నిజం ఏమిటంటే, ఈడు వచ్చిన మగవాడి శరీరంలో వీర్యం నిత్యం తయారవుతూనే ఉంటుంది. నిద్రలో పోవడం సహజం. చేతితో పోగొట్టుకున్నా బలం తగ్గదు, నరాలు చచ్చిపోవు, పెండ్లికి పనికిరాకుండా పోడు, పిల్లలు పుట్టకుండా పోరు.

మరి ఈ నమ్మకం పిల్లల నడవడిని ఎట్లా మారుస్తుంది? మూడు విధాలుగా. మొదటిది: బస్టాండు గోడల మీద "నరాల బలహీనత, రహస్య రోగాలు" అని రాసుకున్న నాటు వైద్యుల దగ్గరికి పిల్లవాడు దొంగతనంగా పోతాడు. వేలకు వేలు ఖర్చయిపోతాయి. రెండోది: "చేతితో పోగొట్టుకునే కన్నా ఆడదాని దగ్గరికి పోతే నయం" అని స్నేహితులు సలహా చెబుతారు. మూడోది అన్నిటికన్నా చెడ్డది: "పెండ్లికి పనికొస్తవో లేదో ముందు పరీక్ష చేసుకో" అంటారు. ఆ పరీక్ష కోసం పోయినవాడు నిరోధ్ తీసుకుపోతాడా? పోడు. నిరోధ్ ఉంటే పరీక్ష సరిగ్గా కాదనుకుంటాడు. లేదా దగ్గరి చుట్టాల పిల్ల మీద, చేన్ల పనికి వచ్చిన పిల్ల మీద ఒత్తిడి తెస్తాడు. ఒక తప్పుడు లెక్క నుంచి రెండు బతుకులు ప్రమాదంలో పడతాయి.

తండ్రి ఒక్క మాట, "బిడ్డా, నీ వయసులో నాకూ అయ్యింది, అది జబ్బు కాదు" అని చెబితే ఈ దారంతా మూసుకుపోతుంది. ఆ మాటకు ఖర్చేమీ లేదు.

ఆడపిల్లల మౌనం

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మన ఊళ్ళో సంబరం చేస్తాం. చీర కడతాం, చుట్టాలను పిలుస్తాం, నువ్వులు, కొబ్బరి తినిపిస్తాం. "అది ముట్టుకోకు, ఇక్కడ కూర్చోకు, మగపిల్లలతో మాట్లాడకు" అని నియమాలు చెబుతాం. కాని ఆ రక్తం ఏమిటో చెప్పం. "చెడు రక్తం పోతున్నది" అని ఊరుకుంటాం.

అది చెడు రక్తం కాదు. నెలనెలా గర్భసంచి లోపల ఒక మెత్తటి పొర తయారవుతుంది, బిడ్డ పడితే దానికి పరుపులాగా. ఆ నెల గర్భం రాకపోతే ఆ పొర కరిగి బయటికి వస్తుంది. అదే ముట్టు. దీని అర్థం, ఆ అమ్మాయి శరీరం గర్భం ధరించగల స్థితికి వచ్చిందని. మనం చెప్పవలసిన అసలు మాట ఇదే. మనం మింగేసే మాట కూడా ఇదే.

ఇది చెప్పకపోతే ఏమవుతుంది? ఒక పిల్లకు ముట్టు ఆగిందనుకోండి. ఈ వయసులో నెలలు అటూ ఇటూ కావడం మామూలే గనుక ఆమె మొదట పట్టించుకోదు. తర్వాత "వేడి చేసింది" అనుకుంటుంది. తర్వాత "రక్తం తక్కువైంది" అనుకుంటుంది. రక్తం తక్కువ అన్న మాట కూడా అబద్ధమేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అట్లా ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు గడిచిపోతాయి. తల్లి కంట పడేసరికి ఆలస్యమైపోతుంది. ఆ ఆలస్యంలోనే నాటు మందులు, పుల్లలు, ప్రాణాపాయం వచ్చి కూర్చుంటాయి.

తెల్లబట్ట గురించి కూడా ఒక మాట. "తెల్లబట్ట పోతే ఎముకలు కరుగుతయి" అని పెద్దవాళ్ళు భయపెడతారు. ఎముకలు కరగవు. కొద్దిగా తెల్లగా, వాసన లేకుండా అయ్యేది సహజం. దురద, దుర్వాసన, పచ్చరంగు, పెరుగు ముక్కల్లాగా పడటం ఉంటే అది వైద్యానికి లొంగే జబ్బు. ఆసుపత్రికి రావాలి. సిగ్గుతో దాచుకుంటే ముదురుతుంది.

ఇంకొక నమ్మకం: మొదటి రాత్రి నెత్తురు కనబడితేనే పిల్ల మంచిది అన్నది. ఆ పలుచని పొర కొందరికి పుట్టుకతోనే చాలా తక్కువ ఉంటుంది, కొందరికి సాగుతుందే గాని చినగదు, కొందరికి ఆటల్లో, పనుల్లో పోతుంది. నెత్తురు రానంత మాత్రాన ఏదీ రుజువు కాదు. అట్లాంటి పరీక్షలు ఎక్కడా చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అత్యాచార కేసుల్లో రెండు వేళ్ళ పరీక్ష చేయరాదని మన సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో గట్టిగా ఆదేశించింది. కోర్టు కూడా ఒప్పుకోని పరీక్షను మన ఇంటి మంచం మీద పెట్టవద్దు.

"ఒక్కసారికి ఏం కాదు"

పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే మాటలు, ఇప్పుడు సెల్‌ఫోన్లో చూసి నేర్చుకునే మాటలు కొన్ని చెబుతాను. ప్రతి మాట పక్కన నిజం పెడుతున్నాను.

అంటారు: మొదటిసారి కలిస్తే గర్భం రాదు.
నిజం: మొదటిసారైనా, పదోసారైనా శరీరానికి ఒక్కటే. అండం విడుదలైన సమయం కలిస్తే గర్భం వస్తుంది.

అంటారు: ఇంకా సమర్త కాని పిల్లకు భయం లేదు.
నిజం: మొదటి ముట్టుకు ముందే అండం విడుదల కావచ్చు. ముట్టు తర్వాత కనబడేదే.

అంటారు: వెంటనే మూత్రానికి పోతే, నీళ్ళతో కడుక్కుంటే పోతుంది.
నిజం: పోదు. వీర్యకణాలు నిమిషాల్లో లోపలికి చేరుతాయి. అనుకూలమైన రోజుల్లో ఐదు రోజుల వరకు బతికి ఉంటాయి.

అంటారు: బొప్పాయి, నువ్వులు, బెల్లం తింటే దిగిపోతుంది.
నిజం: వాటిని నమ్ముకుంటే రోజులు దాటిపోతాయి, గర్భం మాత్రం ఉంటుంది.

అంటారు: మందుల దుకాణంలో ఒక గోలీ ఉంది, ఎప్పుడు మింగినా చాలు.
నిజం: అత్యవసర గర్భనిరోధక మాత్ర ఉన్న మాట నిజమే. 72 గంటల లోపల, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. గర్భం నిలిచిన తర్వాత అది పనిచేయదు. సుఖరోగాల నుంచి కాపాడదు. నెలనెలా వాడుకునేది అసలు కాదు.

అంటారు: నిరోధ్ చెడ్డవాళ్ళు వాడేది. అడిగితే అవమానం.
నిజం: 1968లో మన దేశంలో నిరోధ్ పంపిణీ మొదలైనప్పుడు పెండ్లయినవాళ్ళు కూడా అడగడానికి సిగ్గుపడేవారు. గర్భాన్ని, రోగాన్ని రెండింటినీ ఆపేది అదొక్కటే.

చూశారా, ఇందులో చాలా మాటలు మొదటి ప్రశ్నకు తప్పుడు జవాబులే: "నాకు రాదు." ఆ తప్పుడు జవాబు ఉన్నంతకాలం, ఎన్ని నీతులు చెప్పినా చెవికి ఎక్కవు.

"మంచిగున్నోనికి రోగముండదు"

మన దేశంలో ఎయిడ్స్ వైరస్‌ను మొదటిసారి 1986లో మద్రాసులో కనుగొన్నారు. అప్పటి నుంచి ఎన్నో పోస్టర్లు వేశాం, ఎన్నో నాటకాలు ఆడాం. అయినా "చూడ్డానికి మంచిగున్నడు, వానికేం రోగం?" అనే మాట పోలేదు. ఆ వైరస్ ఉన్న మనిషి ఏళ్ళ తరబడి పనిచేసుకుంటూ, నవ్వుకుంటూ ఆరోగ్యంగానే కనబడవచ్చు. మొహం చూసి ఎవరూ చెప్పలేరు, రక్తపరీక్షే చెబుతుంది. 2004 నుంచి దీనికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. క్రమంగా వాడితే మామూలు మనిషిలాగా బతకవచ్చు. కనుక పరీక్షకు భయపడవద్దు.

ఒక ఘోరమైన నమ్మకం గురించి కూడా సూటిగా చెప్పాలి. కన్నెపిల్లతో కలిస్తే సుఖరోగం పోతుందని కొన్ని చోట్ల నమ్ముతారు. రోగం పోదు. ఆ పిల్లకు అంటుకుంటుంది. ఆ పని చేసినవాడు జైలుకు పోతాడు. ఎవరి నోటనైనా ఈ మాట వినబడితే అక్కడే ఖండించండి.

మన జిల్లా నేర్చుకున్న పాఠం

నమ్మకం మనిషి బతుకును ఎంత దూరం తీసుకుపోతుందో చూడాలంటే దూరదేశం పోనక్కర లేదు. మన నిజామాబాద్ జిల్లాలోనే జోగిని ఆచారం బలంగా ఉండేది. ఇంట్లో జబ్బు వదలకపోతే, పిల్లలు దక్కకపోతే, కరువు వస్తే "అమ్మవారికి కోపం వచ్చింది" అని ఆడపిల్లను దేవతకు ఇచ్చేవారు. ఎక్కువగా దళిత కుటుంబాల పిల్లలు. ఈడు వచ్చిన తర్వాత ఆ పిల్ల ఊరి పెద్దమనుషుల పాలయ్యేది. పెండ్లి లేదు, పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేదు. అమ్మవారికి మొక్కి వదిలినామని కన్నవాళ్ళే అనుకున్నారు. నిజానికి అది జబ్బు గురించిన ఒక తప్పుడు నమ్మకం మీద నిలబడిన దోపిడీ.

కవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం మన జిల్లాకు వచ్చి ఆ అక్కచెల్లెళ్ళ మధ్య పనిచేశారు. వర్నిలో చెల్లి నిలయం నడిపారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వం జోగిని, దేవదాసి ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

మశూచి సంగతి కూడా గుర్తు చేసుకోండి. దాన్ని అమ్మవారు అనేవాళ్ళం. టీకాలతో 1975 నాటికి మన దేశంలో ఆ రోగం ఆగిపోయింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అమ్మవారి మీద భక్తి ఎక్కడికీ పోలేదు, బోనాలు ఇప్పటికీ ఎత్తుతున్నాం. రోగం మాత్రం పోయింది. భక్తిని ఉంచుకొని తప్పుడు నమ్మకాన్ని వదలవచ్చు. మన అవ్వలు, తాతలు చేసి చూపించారు.

"పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటయి"

పిల్ల గురించి చిన్న మాట వినబడగానే మనకు తోచే మందు పెండ్లి. ముట్టు నొప్పి ఉన్నా, మూర్ఛ వచ్చినా, కొడుకు చెడు స్నేహం పట్టినా "పెండ్లి చేస్తే పోతది" అంటాం. ఏ జబ్బుకూ పెండ్లి మందు కాదు. మూర్ఛకు మూర్ఛ మందు ఉంది, ముట్టు నొప్పికి గోలీ ఉంది.

1978లోనే మన దేశంలో పెండ్లి వయసు ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 చేశారు. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. 2014లో మొదలైన కల్యాణలక్ష్మి పథకంలో కూడా పిల్లకు 18 నిండాలన్న షరతు పెట్టారు. అయినా 2019-21 సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ వయసున్న తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి సుమారు 23 మందికి 18 నిండకముందే పెండ్లి అయిపోయిందని తేలింది. కటి ఎముకలు పూర్తిగా పెరగని పిల్లకు కాన్పు కష్టం. రక్తపోటు, రక్తహీనత, తక్కువ బరువు బిడ్డ - ఇవన్నీ ఆ వయసులో ఎక్కువ. పరువు కోసం చేసిన పెండ్లి కాన్పు గదిలో ప్రాణం మీదికి తెస్తే, ఆ పరువు ఎవరికి?

"చెబితే చెడిపోతరు"

ఇది తల్లిదండ్రుల నమ్మకం. అన్నిటికన్నా గట్టిది. 2007లో బడుల్లో కౌమార విద్య పాఠాలు పెట్టబోతే కొన్ని రాష్ట్రాలు ఇదే మాట చెప్పి ఆపివేశాయి. కాని ఎన్నో దేశాల అనుభవాన్ని కలిపి చూసిన యునెస్కో 2018లో రాసింది వేరు. సరైన విషయం వయసుకు తగినట్టు చెబితే పిల్లలు తొందరపడరు, కొందరు ఇంకా ఆలస్యం చేస్తారు, జాగ్రత్త పడతారు.

1921లో ఆర్. డి. కార్వే బొంబాయిలో కుటుంబ నియంత్రణ కేంద్రం తెరిచినప్పుడు ఆయనను ఎంతోమంది తిట్టారు. మన తెలుగులో డాక్టర్ జి. సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాశారు. ఇంట్లో పుస్తకం కింద దాచుకొని చదివినవాళ్ళు మనలో ఎందరో! అంటే ఏమిటి? తెలుసుకోవాలన్న కోరిక అప్పుడూ ఉంది. అడగడానికి ఇంట్లో మనిషి లేడు. ఇప్పుడు ఆ జాగాలో సెల్‌ఫోన్ కూర్చుంది. డాక్టరు జవాబు రాసినట్టు సెల్‌ఫోన్ రాయదు. అబద్ధాన్నీ, అసభ్యాన్నీ ఒకే పళ్ళెంలో వడ్డిస్తుంది.

ఏదైనా జరిగిపోతే?

ఇది వినడానికి కష్టమే, కాని వినాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలతో లైంగిక సంబంధం, "ఆమె ఒప్పుకున్నది" అన్నా సరే, 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. ఇది ఊరి కమిటీలో కూర్చొని జరిమానా వేసి ముగించే విషయం కాదు. బిడ్డ మీద బలాత్కారం జరిగితే 1098కి ఫోను చేయండి, ఆసుపత్రికి తీసుకురండి. బట్టలు ఉతకకుండా, స్నానం చేయించకుండా తీసుకురండి.

గర్భం నిలిస్తే 1971 చట్టం ప్రకారం అర్హత గల డాక్టరు దగ్గర గర్భస్రావం చేయించుకోవచ్చు. పెండ్లి కాని ఆడవాళ్ళకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. అమ్మాయికి 18 నిండకపోతే తల్లిదండ్రులో, సంరక్షకులో సంతకం చేయాలి. అమ్మాయి, ఇంటివాళ్ళు కోరితే డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు బయటపెట్టనక్కర లేదని ఆ తీర్పులోనే ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ పిల్ల ప్రాణం కాపాడటానికి మీ సంతకం కావాలి. మీకు చెబితేనే సంతకం దొరుకుతుంది. "మా అయ్యకు తెలిస్తే నరుకుతడు" అని నమ్మిన పిల్ల మీకు చెబుతుందా? చెప్పదు. నాటు మందు మింగుతుంది, లేదా బావి వైపు చూస్తుంది. నాలుగో ప్రశ్నలోని అడ్డం ఆ పిల్లకు మీరే. కోపం వచ్చినా పరవాలేదు. "ఏం జరిగినా ముందు మాకే చెప్పు" అన్న మాట ఈ రోజే ఆమె చెవిన వేయండి, అవసరం రాకముందే.

దంపతులు చేయవలసినవి

1. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి. భార్యాభర్తల మధ్యనే సిగ్గు ఉంటే పిల్లలకు చెప్పలేరు.

2. కొడుకుకు తండ్రి, బిడ్డకు తల్లి చెప్పండి. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే ఫోన్లో చెప్పండి, లేదా నమ్మకమైన మేనమామ, పెద్దన్న చేత చెప్పించండి.

3. ముట్టు రాకముందే బిడ్డకు చెప్పండి. పది, పదకొండేళ్ళు సరైన వయసు.

4. కొడుకుకు తన శరీరం గురించే గాక ఆడపిల్ల "వద్దు" అంటే వద్దనే అర్థమని కూడా నేర్పండి. ఇంట్లో మీరు భార్య మాటను ఎట్లా వింటారో వాడు చూస్తూనే ఉంటాడు.

5. 2014 నుంచి రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు సలహాలు, సేవలు ఇస్తున్నారు. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్ఎం దగ్గర అడగండి. బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీ మింగనివ్వండి. అది రక్తానికి, పిల్లలు పుట్టకుండా ఇచ్చేది కాదు.

6. గోడ మీది నాటు వైద్యుల ప్రకటనలు చూసి పోవద్దని కొడుకుకు చెప్పండి. అనుమానముంటే మీరే వెంట తీసుకురండి.

సభలో అడిగిన ప్రశ్నలు

ఒక అక్క అడిగింది: "మా బిడ్డకు చెప్పాలంటే నోరు రాదు. ఎట్లా మొదలుపెట్టాలె?"

జవాబు: బీడీలు చుట్టేటప్పుడో, పసుపు ఒలిచేటప్పుడో, తల దువ్వేటప్పుడో చెప్పండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి పాఠంలాగా చెప్పనక్కర లేదు. చేతులు పనిలో ఉంటే నోరు తేలికవుతుంది. "నాకు మొదటిసారి అయినప్పుడు ఎవ్వరూ చెప్పలే, ఎంత భయపడ్డనో" అని మీ మాటతో మొదలుపెట్టండి. ఒక్క రోజులో అంతా చెప్పవలసిన పని లేదు.

ఒక అన్న అడిగిండు: "నిరోధ్ సంగతి చెబితే, పోయి చేసుకో అని మనమే చెప్పినట్లు కాదా?"

జవాబు: బండి నడిపే కొడుకుకు హెల్మెట్ పెట్టుకోమంటాం. అంటే పోయి పడమని చెప్పినట్లా? తొందరపడవద్దని చెప్పండి. ఎందుకు తొందరపడవద్దో కూడా చెప్పండి. జాగ్రత్త ఏమిటో కూడా చెప్పండి. మూడూ కలిపి చెబితేనే మాట పూర్తవుతుంది.

ఒక ముసలవ్వ అడిగింది: "మా కాలంల ఇవన్ని చెప్పిన్రా? మేం బతకలేదా?"

జవాబు: అవ్వా, మీ కాలంలో పద్నాలుగేళ్ళకే పెండ్లి అయ్యేది. కాన్పులో పోయిన అక్కచెల్లెళ్ళు, పురిట్లో పోయిన పిల్లలు ఎందరో మీకే తెలుసు. బతికినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పలేరు గదా.

చివరి మాట

1963లో నెహ్రూ గారు పోచంపాడు ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. ఇవాళ శ్రీరాంసాగర్ గేట్లు వానాకాలంలో మీరు చూస్తూనే ఉన్నారు. గోదావరిని ఎవరూ ఆపివేయలేదు. నీటి బలం తెలుసుకొని, గేట్లు పెట్టి, కాలువ తవ్వారు. నీళ్ళు లేవని కళ్ళు మూసుకుంటే కట్ట నిలబడేది కాదు. ఈడు వచ్చిన పిల్లల సంగతీ అంతే. ఈడును ఆపలేం, లేదని అనలేం. దారి చూపడం మన చేతిలో ఉంది.

ఈ కాగితాన్ని చదివిన తర్వాత మడిచి పెట్టెలో దాచవద్దు. భార్యకు భర్త, భర్తకు భార్య చదివి వినిపించండి. చదువు రాని పక్కింటివాళ్ళకు కూడా చదివి చెప్పండి. అనుమానాలు ఉంటే ఆరోగ్య కేంద్రానికి రండి. అడిగిన మాట బయటికి పోదు.